నాలుగు వందల పన్నెండు జీతాలు

షారోన్‌కి ముప్పై ఒకటో ఏడు నడుస్తుండగా తొమ్మిదో ప్రాజెక్టు దొరికింది. ప్రాజెక్టు అంటే యూనివర్సిటీలో ఏదో ఒక డిపార్ట్‌మెంటు ఏదో ఒక విషయం మీద జనాన్ని ప్రశ్నలు అడిగించే పని. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి బయటికొచ్చిన ఎనిమిదేళ్లలో ఆమె రక్తహీనత గురించి అడిగింది, బస్సు పాసుల గురించి అడిగింది, ఇళ్లలో గ్యాసు సిలిండరు ఎన్నాళ్లొస్తుందో అడిగింది. ఒక్కోటి ఆరు నెలలు, మహా అయితే పదకొండు. పన్నెండో నెల ఎప్పుడూ ఉండేది కాదు. ఏడాది నిండితే మనిషి పర్మనెంటు చెయ్యమంటుందేమోనని ఆఫీసులకు భయం. మొదటి ప్రాజెక్టులో నెలకు పన్నెండు వేలిచ్చారు. తొమ్మిదోదానికి ఇరవై రెండు.

ఈసారి అడగాల్సింది జీతాల గురించి. పదేళ్ల కిందట నగరంలోని కాలేజీల్లో డిగ్రీ పాసైన ఆరు వందల మంది పేర్లు, ఫోన్ నంబర్లు చేతికిచ్చారు. వాళ్లంతా ఇప్పుడు ముప్పై దాటుతున్నవాళ్లు. ఏం పని చేస్తున్నారు, పోయిన నెల ఎంత వచ్చింది, ఎన్ని ఉద్యోగాలు మారారు, రెండు పేజీల ఫారం. షారోన్ కూడా ఆ సంవత్సరమే పాసైంది. ఆమె పేరు మాత్రం జాబితాలో రాలేదు.

వారాసిగూడలో మూడో అంతస్తు ఇల్లు. పొద్దున ఎనిమిదిన్నరకు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరితే తొమ్మిదిన్నరకు క్యాంపస్‌లో ఉండేది. డిపార్ట్‌మెంటు పైఅంతస్తులో ఒక గది, అందులో రెండు బల్లలు. ఒక బల్ల ముందు కమలాకర్ అనే కుర్రాడు కంప్యూటర్‌లో ఫారాలు ఎక్కించేవాడు. రెండో బల్ల దగ్గర షారోన్ కూర్చుని రోజుకు పాతిక ముప్పై ఫోన్లు చేసేది.

జీతమెంతని ముక్కూ మొహం తెలియని మనిషిని అడగడం కష్టం. వయసు అడిగితే చెప్తారు, కులం అడిగినా చెప్తారు, జీతం అనేసరికి ఫోన్‌లో ఓ క్షణం ఏమీ వినపడదు. లక్షా ముప్పై వేలొచ్చే సాఫ్ట్‌వేరు మనిషి ముందు కంపెనీ పేరు చెప్పి, తర్వాత అంకె చెప్పేవాడు. నలభై దగ్గర ఆగిపోయినవాడు "ఇప్పుడు మార్కెట్ బాలేదు మేడం" అని మొదలుపెట్టేవాడు. ఆస్పత్రి బిల్లులకు కోడ్లు వేసే అమ్మాయి ముప్పై ఎనిమిది వేలని చెప్పి, కళ్లద్దాల నంబరు మూడుసార్లు మారిందని తనంతట తనే చెప్పింది. కానిస్టేబుల్‌కి యాభై రెండు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే మనీషాకి పదహారున్నర, వేసవి సెలవుల్లో అదీ లేదు. ఒక లెక్చరరు ఇరవై నాలుగని చెప్పి, "కాగితం మీద నలభై ఉంటది, సంతకం దానికే పెడతం" అన్నాడు. పెళ్లిళ్లకు డ్రోన్‌తో వీడియోలు తీసే ఒకతను ముహూర్తాల నెలలో లక్ష, మూఢంలో అప్పు అన్నాడు. ఆ రెంటినీ కలిపి ఒక గడిలో ఏం రాయాలో తెలియక షారోన్ చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది.

అందరూ తిరిగి అడిగే ప్రశ్న ఒకటుండేది. "మీకెంతిస్తరు?" మొదట్లో ఆమె మాట మార్చేది. నెల తిరిగేసరికి అలిసిపోయి నిజం చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై రెండు అనగానే అవతలి గొంతు కాస్త మెత్తబడేది. తక్కువొచ్చేవాళ్లకు ధైర్యం వచ్చేది, ఎక్కువొచ్చేవాళ్లు జాలిపడి పూర్తిగా జవాబిచ్చేవాళ్లు. ఫారాలు త్వరగా నిండసాగాయి.

ఇంట్లో ఆమె జీతం సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. తండ్రి జోసెఫ్ నలభై ఏళ్ల కిందట బాపట్ల దగ్గరి ఊరి నుంచి వచ్చి, సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తమ్ముడు ఆరోన్ డిగ్రీ రెండో ఏడు మానేసి లిఫ్టులు బిగించే కంపెనీలో మెకానిక్‌గా చేరాడు. వాడికి ముప్పై రెండు వేలు. ఇంటి అద్దె వాడే కట్టేవాడు. అయినా ఆదివారం చర్చి నుంచి బయటికి రాగానే జోసెఫ్ కనబడినవాళ్లతో "మా అమ్మాయి యూనివర్సిటీలో చేస్తుందండీ" అనేవాడు. కొడుకు గురించి అడిగితే "వాడు టెక్నికల్ లైన్లో ఉన్నాడండీ" అని ఊరుకునేవాడు.

ఒక ఆదివారం ఇంటికి నడుస్తూ షారోన్ అడిగేసింది. "నాన్నా, నాకంటే తమ్ముడికి పది వేలు ఎక్కువొస్తుంది కదా. వాడి గురించి గొప్పగా చెప్పవేం?"

జోసెఫ్ నాలుగడుగులు వేశాక అన్నాడు. "డబ్బు సంగతి కాదమ్మా. నీ చదువు కోసం మీ అమ్మ రెండు గాజులు తీసి ఇచ్చింది. అవి ఎటు పోయాయో నేను ఎవరో ఒకరికి చెప్పుకోవాలా వద్దా?"

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చలికాలం మొదట్లో జాబితాలో నరేందర్ అనే పేరు వచ్చింది. ఇచ్చిన నంబరుకు చేస్తే ఒక పెద్దావిడ ఎత్తింది. జనగామ వైపు పల్లె. పేరు భూదేవి, నరేందర్ తల్లి.

"నరేందరా? మా వోడు హైద్రాబాద్ల ఉంటడు బిడ్డా. తార్నాకల పెద్ద ఆఫీసు. నలభై వేలొస్తయట. నెలనెలా మూడు వేలు నాకు పంపుతడు. ఇంకింత పంపుతనంటడు గని నేనే వద్దంటున్న. ఆడ ఖర్చులుండయా?"

మనిషి స్వయంగా చెప్తేనే ఫారం నింపాలని నియమం. అతని నంబరు తీసుకుని షారోన్ ఫోన్ చేసింది. ఫోన్‌లో వద్దు, వస్తే మాట్లాడతానన్నాడు. చెప్పిన చోటు ఆఫీసు కాదు. తార్నాక మెట్రో దగ్గర ఒక సందులో, బేకరీ పైన ఉన్న రీడింగ్ రూమ్. నెలకు వెయ్యి కడితే చెక్క అడ్డాలు పెట్టిన ఒక కుర్చీ, ఒక లైటు, ఒక ప్లగ్గు ఇస్తారు. పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నుంచీ అక్కడే ఉంటారు.

నరేందర్ మెట్లు దిగి వచ్చాడు. సన్నగా ఉన్నాడు, కణతల దగ్గర జుట్టు నెరిసింది. పక్కనే ఉన్న టీ బండి దగ్గర నిలబడ్డారు.

"మా అమ్మతోని మాట్లాడిన్రా?"

"మాట్లాడాను."

"నలభై వేలని చెప్పి ఉంటది."

షారోన్ సంచిలోంచి ఫారం తీసింది. అతను తనే చెప్పుకొచ్చాడు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఒక ఫైనాన్స్ ఆఫీసులో చేశాడు. గ్రూప్స్ రాసి ఆఫీసరు కావాలని అది మానేసి వచ్చాడు. ఒకసారి పరీక్ష వాయిదా పడింది. ఒకసారి నాలుగు మార్కులతో పోయింది. ఇంకోసారి జ్వరంతో రాశాడు. చూస్తుండగానే ముప్పై రెండొచ్చాయి.

పోయిన నెల ఆదాయం అనే గడి దగ్గరికి వచ్చేసరికి ఆమె అలవాటుగా ఒక అడ్డగీత గీయబోయింది. నరేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"డాష్ పెట్టకుండ్రి మేడం. సున్నా పెట్టుండ్రి."

"రెండూ ఒకటేనండీ."

"ఒకటి కాదు. డాష్ అంటే మీరు అడగలేదన్నట్టు. సున్నా అంటే అడిగిన్రు, నేను లేదన్ననన్నట్టు."

ఆమె సున్నా చుట్టింది. మర్నాడు ఆఫీసులో పాత ఫారాలన్నీ తీసి, ఆదాయం లేదన్నవాళ్ల దగ్గర తను గీసిన గీతలన్నిటినీ సున్నాలు చేసింది. దానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఫిబ్రవరి నాటికి నాలుగు వందల పన్నెండు ఫారాలు పూర్తయ్యాయి. మిగతావాళ్ల నంబర్లు పనిచెయ్యలేదు, లేదా చెప్పబోమన్నారు. ఒకరోజు కమలాకర్ తెర మీద పట్టికలు చూపించాడు. సగటు ఆదాయం నలభై ఒక్క వేలు.

షారోన్‌కి అనుమానం వచ్చింది. "ఇంత ఎట్లా వచ్చింది? సున్నాలు కలిపావా?"

"లే అక్కా. గవి పక్కకు పెట్టిన. డెబ్బై నాలుగున్నయి. ప్రొఫెసర్ మేడమే చెప్పింది, పని చేసేటోళ్లే లెక్క అని."

ఆమె కాగితం తీసుకుని మళ్లీ లెక్క కట్టింది. డెబ్బై నాలుగు మందినీ కలిపితే సగటు ముప్పై మూడు వేల ఆరు వందలైంది. ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసర్ పద్మావతి గదికి వెళ్లింది.

ప్రాజెక్టు పద్మావతిదే. రిటైర్మెంటుకు ఇంకా రెండు నెలలుంది. చెప్పులు బల్ల కింద విడిచి, పెన్షన్ కాగితాల మీద సంతకాలు పెడుతోంది. షారోన్ చెప్పిందంతా విని కళ్లద్దాలు తీసింది.

"ఉద్యోగం చేసేవాళ్ల సగటు అని ప్రపోజల్‌లోనే రాశాం షారోన్. నిధులు దానికే ఇచ్చారు. ఇందులో మోసమేం లేదు."

"సెమినార్ పోస్టర్ మీద 'ముప్పై ఏళ్ల పట్టభద్రుల సగటు ఆదాయం' అని వేశారు మేడం. ఈ డెబ్బై నాలుగు మందీ పట్టభద్రులే."

పద్మావతి పెన్షన్ కాగితాలు పక్కకు జరిపింది. "నీకిది ఎన్నో ప్రాజెక్టు?"

"తొమ్మిదోది."

"నేను నలభై దాకా చేసి ఉంటాను. ప్రతిదాంట్లో ఎవరో ఒకరు బయట మిగిలిపోయారు. మొదట్లో నేనూ ఇట్లాగే కాగితం పట్టుకుని మా సార్ల దగ్గరికి వెళ్లేదాన్ని." ఆవిడ గొంతులో కోపం లేదు. "సరే. పోస్టర్ కింద ఒక లైను వేయిస్తా. అంతకంటే ఇప్పుడు నావల్ల కాదు."

లైను వేశారు. పోస్టర్ అడుగున, నిధులిచ్చిన సంస్థ పేరుకు పైన, చిన్న అక్షరాల్లో. "ఉద్యోగం లేని 74 మందిని లెక్కలో చేర్చలేదు."

సెమినార్ మార్చి మొదటి వారంలో, క్యాంపస్‌లోని ఒక హాల్లో జరిగింది. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నలభై ఒక్క వేలు అని తెర మీద చూసి "పర్వాలేదే" అన్నాడు. ఏ చదువుకు ఎంత, ఆడవాళ్లకెంత తక్కువ, ఇంగ్లీషు మీడియానికెంత ఎక్కువ, మాట్లాడుతూనే ఉన్నారు. వెనక వరసలో కూర్చున్న షారోన్‌కి తెర మీది గ్రాఫు గీతల్లో తనకు తెలిసిన గొంతులు వినపడ్డాయి. ఇరవై వేల లోపున్న పొట్టి గీతలో మనీషా ఉంది. కుడి వైపు చివర ఒంటరిగా నిలబడ్డ గీతలో ఆ లక్షా ముప్పై వేల మనిషి ఉన్నాడు. చిన్న అక్షరాల లైను ఎవరూ చదవలేదు.

ఒంటి గంటకు హాలు పక్కన వేసిన షామియానా కింద భోజనాలు. బగారా అన్నం, దాల్చా, మిర్చీ సాలన్, పెరుగు చట్నీ. షారోన్ పళ్లెం పట్టుకుని వరసలో కదిలి దాల్చా గిన్నె దగ్గరికి వచ్చింది. గరిటె పట్టుకున్న మనిషి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నెత్తిన కాగితం టోపీతో ఉన్నాడు. నరేందర్.

అతను ఆమెను చూశాడు. గరిటె గాల్లో ఆగింది. తర్వాత ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "దాల్చా వెయ్యనా మేడం?"

"కొంచెం వెయ్యండి."

ఆమె ఒక మూల నిలబడి తిన్నది. జనం పల్చబడ్డాక షామియానా వెనక్కి వెళ్లింది. ఖాళీ గిన్నెల పక్కన డ్రమ్ములో చేతులు కడుక్కుంటున్నాడు నరేందర్.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

"నాలుగేండ్ల సంది. పూటకు ఏడు వందలు. నెలల ఎనిమిది, పది పూటలొస్తయి. మూఢంల ఒక్కటి గూడ రాదు."

"మరి సున్నా రాయమన్నారు."

"అవు."

"ఆ సున్నా కోసం నేను మా మేడం దగ్గర నోరు చేసుకున్నాను తెలుసా?"

అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఏడు వందలని చెప్తే మీరు పని అన్న కాడ వడ్డించుడు అని రాస్తరు గద మేడం. రాసిన్రంటే ఇగ నేను గదే. సున్నా అయితె ఇంకేమన్న అయితనేమోనని ఉంటది."

షారోన్‌కి కోపం రాలేదు. కాళ్లు లాగేస్తున్నాయి, అంతే. పక్కన బోర్లించిన ప్లాస్టిక్ కుర్చీ తిప్పుకుని కూర్చుంది.

"నాకు ఇరవై రెండు వేలు" అంది. "వచ్చే నెలాఖరుకు అయిపోతుంది."

"తర్వాత?"

"ఏదో ఒకటి దొరుకుతుంది. ఎనిమిదేళ్లుగా దొరుకుతూనే ఉంది."

నరేందర్ లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ డబ్బాలో డబుల్ కా మీఠా పెట్టి తెచ్చాడు. "మిగిలింది. ఇంటికి తీస్కపోండ్రి. ఖరాబైతది లేకుంటె."

సోమవారం ఆమె కమలాకర్‌కి సంగతి చెప్పి ఆ ఒక్క ఫారం సరిచెయ్యమంది. వాడు తల గోక్కున్నాడు. "డేటా లాక్ అయింది అక్కా. గదొక్కటి మారిస్తె సగటు నూటయాభై రూపాయలు గూడ జరగది." నిజమే. ఆమె ఫారం మీద పెన్సిల్‌తో మాత్రం దిద్ది, పక్కన తేదీ వేసి, కట్టలో పెట్టేసింది. మిగతా డెబ్బై మూడు మందిలో ఇంకెంతమంది ఎక్కడెక్కడ వడ్డిస్తున్నారో అనుకుంది. అడగడానికి ఫోన్ తీసింది కూడా. ఎవరికి మొదట చెయ్యాలో తోచక పక్కన పెట్టేసింది.

ఏప్రిల్‌లో కాంట్రాక్టు ముగిసింది. పద్మావతి అదే నెల రిటైరైంది. వీడ్కోలు సభలో షారోన్ చెయ్యి పట్టుకుని, నీళ్ల మీద ఎవరో సర్వే చేస్తున్నారంటూ ఒక నంబరిచ్చింది. ఫోన్ చేస్తే పంతొమ్మిది వేలన్నారు, ఆరు నెలలన్నారు. ఆలోచించి చెప్తానంది.

ఆ వారంలోనే నరేందర్ నుంచి ఫోన్ వచ్చింది. పరీక్ష ఫలితాల్లో అతని పేరు లేదు. క్యాటరింగ్ యజమాని సూపర్‌వైజర్‌గా నెల జీతానికి ఉండమన్నాడు, పద్దెనిమిది వేలు. ఒప్పుకున్నాడు.

"అమ్మకు చెప్పారా?"

"చెప్దామనే ఊరికి పోయిన. నోరు తెరవకముందే, నీ తెల్లంగీల చేతుల కాడ పసుపు మరకలు నాలుగేండ్ల సంది ఉతుకుతున్న గదరా అన్నది. నేను బట్టలు ఊరికి తీస్కపోతుంటి, ఆమె ఉతుకుతనంటె."

షారోన్ ఆశ్చర్యపోయింది. "మరి నాతో నలభై వేలని చెప్పారు కదా?"

"నేను గూడ గదే అడిగిన. బయటోళ్లు అడిగితె ఏం జెప్పాల్నో నువ్వే నేర్పిస్తివి గద అన్నది."

తర్వాత అతను, గిన్నెలు దించాలని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

మే నెలలో షారోన్ ఇంట్లోనే ఉంది. తల్లి మరియమ్మ పక్కన కూర్చుని ఆమె మోకాళ్లకు నూనె రాస్తూ, ఎండకు భయపడుతూ రోజులు గడిపింది. ఒక సాయంత్రం ఆరోన్ పని నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు.

"అక్కా, మా రామంతాపూర్ ఆఫీసులో ఫోన్లు చూసుకునే మనిషి కావాలంట. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే కాల్ చేస్తారు కదా, అవి తీసుకుని మెకానిక్కుని పంపాలి. ఇరవై ఆరు వేలు. పీఎఫ్ ఉంది. అడగమంటావా?"

జోసెఫ్ పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పలేదు. మరియమ్మ కూతురి వంక చూసింది.

షారోన్ రెండు రోజులు ఆలోచించింది. ఎమ్మెస్సీ గురించి ఆలోచించింది. నీళ్ల సర్వే గురించి, ఎండలో గల్లీల్లో గేటు గేటుకీ తిరగడం గురించి, ఆ ఆరు నెలల తర్వాత వచ్చే ఏడో నెల గురించి ఆలోచించింది. మూడో రోజు పొద్దున తండ్రి దగ్గర కూర్చుని "చేరతాను నాన్నా" అంది.

జోసెఫ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నీ ఇష్టమమ్మా" అన్నాడు. కొంచెం ఆగి, "అక్కడ కూర్చోవడానికి ఫ్యానుందో లేదో కనుక్కో" అన్నాడు.

ఫ్యాను ఉంది. టైర్ల షాపు పైన రెండు గదుల ఆఫీసు. మొదటి రోజు పదకొండు దాకా ఫోన్ మోగలేదు. మోగినప్పుడు ఎత్తితే ఒక ముసలాయన. అపార్ట్‌మెంట్ లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది, కరెంటుంది గానీ కదలడం లేదు. చేతిలో మందుల సంచీ ఉంది, లోపల ఒక్కడే ఉన్నాడు. గొంతు వణుకుతోంది.

షారోన్ చిరునామా రాసుకుని, రెండో ఫోన్‌లో మెకానిక్కుకి చెప్పింది. ఇరవై నిమిషాలు పడుతుందన్నాడు. ఆ మాటే ముసలాయనకు చెప్పింది.

"ఫోన్ పెట్టెయ్యకమ్మా" అన్నాడాయన.

"పెట్టనండీ. నేల మీద కూర్చోండి, గోడకు ఆనుకోండి. మీ పేరు చెప్పండి."

"లచ్చయ్య."

ఆమె రిజిస్టర్‌లో పేరు రాసింది. రోజూ ఎక్కడికెళ్తారని అడిగింది, ఏం మందులని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గొంతులో వణుకు కొంచెం కొంచెంగా తగ్గింది. మెకానిక్కు అక్కడికి చేరేదాకా ఆమె ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది.